ఉలికిపాటు

పిన్ను ఊడి పది నిమిషాలైందో పావుగంట అయిందో ఆమెకు తెలియదు, గడియారం ఎదురుగోడకే ఉంది గానీ దానివైపు చూడాలంటే మంచం మీద నిద్రపోతున్న పాప మీంచి చూపు తీయాలి, ఆ పని ఇప్పుడు ఆమెవల్ల కాదు. పొయ్యి మీద పాలు పొంగుతున్నాయని లేచింది, అంతే. తలకు హెడ్‌ఫోన్స్ ఉన్నాయన్న ధ్యాస లేకుండా లేచింది, వైరు కుర్చీ చేతికి చుట్టుకుంది, కంప్యూటర్లోంచి పిన్ను ఊడింది, అప్పటిదాకా తన రెండు చెవుల మధ్యే బుద్ధిగా పాఠం చెప్పుకుంటున్న మాస్టారు ఒక్క ఉదుటున రెండు స్పీకర్లలోంచీ బయటికి దూకి, గుండెకు నాలుగు గదులుంటాయి అని ఇల్లు అదిరేలా అరిచాడు. హెడ్‌ఫోన్స్ పాతబడి సరిగా వినబడక సౌండు ఆ చివరిదాకా పెట్టుకోవడం అలవాటు. కిటికీ అద్దాలు గలగలమన్నాయి. కింద ఫ్లాటులో ఉండే నర్సు కర్రతో పైకప్పు మీద మూడుసార్లు కొట్టింది. పిన్ను మళ్ళీ గుచ్చబోతే కన్నం దొరకలేదు, కుడి పై గది, ఎడమ పై గది అంటూ మాస్టారు గదులన్నీ తిప్పి చూపిస్తూనే ఉన్నాడు, చివరికి గోడలో ఉన్న ప్లగ్గే పీకి పారేసి, అయ్యో నా తల్లీ, భయపడ్డావా, లేదు లేదు, అమ్మ ఇక్కడే ఉంది అని రెండు చేతులూ చాచి వెనక్కి తిరిగింది.

పాప నిద్రపోతోంది.

ఒక చెయ్యి తలపైకి విసిరేసి, నోరు కొంచెం తెరిచి, ఎప్పుడూ పడుకునేటట్టే. స్పీకరుకీ మంచానికీ మధ్య దూరం జానెడు అటూ ఇటుగా ఒక మూర. చాచిన చేతులు చాచినట్టే ఉండిపోయాయి. ఇంత చప్పుడుకి కిటికీ ఉలిక్కిపడింది, కింద మనిషి ఉలిక్కిపడింది, పాప కనురెప్ప మీద ఒక్క వెంట్రుక కూడా కదలలేదు.

అప్పటినుంచీ మంచం పక్కన నేలమీద ఇలాగే కూర్చుని ఉంది. చేతిలోకి ఒక స్టీలు పళ్ళెం, చెంచా ఎప్పుడు వచ్చాయో, వంటింట్లోకి వెళ్ళి తెచ్చుకుందన్నమాటేగా, పొయ్యి కట్టేసిందో లేదో, కట్టేసే ఉంటుంది, మాడు వాసన లేదు. కొట్టాలి. చెంచాతో పళ్ళెం మీద ఒక్క దెబ్బ కొడితే తేలిపోతుంది. తేలిపోతుందనే భయం. గాఢనిద్రలో ఉన్న పిల్ల, తొమ్మిది నెలల పిల్ల, పొద్దున్నంతా పాకి పాకి అలిసిపోయింది, నిద్రలో ఎవరికి మాత్రం ఏం వినబడుతుంది, తన మొగుడు నిద్రపోతే ఇల్లు ఎత్తుకుపోయినా లేవడు, తండ్రి పోలికే. కాదు, లేచాక చూడాలి, దానంతట అది లేవాలి, తట్టి లేపితే ఏం తెలుస్తుంది, ఇంకో గంటకు ఆకలికి లేస్తుంది, అప్పుడు వెనకనించి కొట్టి చూడాలి. గంట. ఈ గంటసేపు పాప బాగున్నట్టే లెక్క. ఈ గంట గడవకపోతే బాగుండు. కాదు కాదు, ఈ క్షణమే గడిచిపోతే బాగుండు.

మీ పిల్లంత బుద్ధిమంతురాలిని చూడలేదమ్మా అని ఎదురు ఫ్లాటావిడ నిన్ననే కదా అంది. మా వాడు గ్లాసు కింద పెడితే లేస్తాడు, నీ కూతురికి ఏం మందు పోస్తున్నావే అని. ఆమె మురిసిపోయింది. మిక్సీ వేసినా లేవదండీ అని గొప్పగా చెప్పింది. పక్క గోడకు డ్రిల్లింగు మిషను పెట్టి రెండు రోజులు కన్నాలు కొట్టినా లేవలేదని, మెట్ల దగ్గర నిలబడి నలుగురికీ చెప్పింది, తన నోటితో తనే. ఆ నలుగురిలో ఒక్కరికైనా అనుమానం రాలేదా, వచ్చినా ముఖం మీద అనలేక నవ్వి ఊరుకున్నారా, మెట్లు దిగుతూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారా?

లేదు, వింటుంది. నాన్న రాగానే తిరగదూ? సాయంత్రం తలుపు తీసి గుమ్మంలోంచే ఏయ్ దొంగా అంటాడు, అది గిరుక్కున తిరిగి రెండు చేతులూ ఎత్తేస్తుంది. తలుపు తీస్తే వెలుతురు పడుతుంది కదా. వరండా లైటు వెలుతురు సరిగ్గా పాప కూర్చునే చాప మీదే పడుతుంది. అబ్బా, ఈ బుర్ర ఎందుకిలా పనిచేస్తోంది, బళ్ళో ఉన్నప్పుడు ఒక్క లెక్కా చేయని బుర్ర ఇవాళ ఎంత చురుకు. సరే, తను పాట పాడితే నవ్వుతుంది. పాడేటప్పుడు ఎదురుగా ఉంటుంది. సరే, లిఫ్టు ఆగితే అటు చూస్తుంది. లిఫ్టు ఆగితే నేల అదురుతుంది, ఆ అదురు తనకీ కాళ్ళకు తెలుస్తుంది. ఐదో నెలలో గిన్నె మూత కింద పడితే రెప్ప వేసింది, వేసింది, కళ్ళారా చూసింది. ఆ మూత పాప కళ్ళ ముందే పడింది. ఆ రోజే ఒక అనుమానపు పురుగు లోపలికి దూరింది, ఆ రోజే తెలుసు, దాన్ని అక్కడే నొక్కిపెట్టింది, మళ్ళీ మూత పడేయలేదు. మూతలన్నీ ఎంత మెల్లగా పెట్టడం నేర్చుకుందో, పిల్ల లేస్తుందని కాబోలు అనుకుని అత్త కూడా మెచ్చుకుంది.

నెల తర్వాత చెవుల పరీక్షకు తీసుకురావలెను అని ఆసుపత్రి చీటీలో ఉంది. పుట్టిన రోజు మిషను ఖాళీ లేదన్నారు. నెల తర్వాత పాపకు జలుబు చేసింది, ఆ తర్వాత వాన, ఆ తర్వాత అత్త వచ్చింది. బంగారంలాంటి పిల్లకి పరీక్షలేమిటే, చెవులు రెండూ ఉన్నాయి కదా, ముక్కుకి పరీక్ష లేదా మరి, అని నవ్వింది. తనూ నవ్వింది. చీటీ బీరువాలో పాప బట్టల కింద ఉంది. ఎవరి మీదికి నెడుతుంది? అత్త చదువుకోలేదు. తను చదివింది, ఒక్కొక్క అక్షరం కూడబలుక్కుని చదివింది, చదివి మడత పెట్టింది.

చదువు. అదే కొంప ముంచింది. తొమ్మిదో తరగతి సగంలో అమ్మకు జబ్బు చేసి, ఇంట్లో ఇద్దరు చిన్నవాళ్ళకి అన్నం వండేవాళ్ళు లేక బడి మాన్పించారు, ఒక్క ఏడాదే అన్నారు, ఆ ఏడాది మళ్ళీ తిరిగి రాలేదు. పెళ్ళయ్యాక మొగుడు, లిఫ్టులు బాగుచేసే మనిషి, ఎవరో తీసేస్తుంటే పాత కంప్యూటరు, కుండల్లాంటి రెండు స్పీకర్లు మోసుకొచ్చి, ఇంట్లో కూర్చుని పరీక్ష కట్టవే, పాఠాలు రికార్డు చేసి ఇస్తున్నారట అన్నాడు. ఎంత సంతోషం. అప్పుడు ఆమె కడుపుతో ఉంది, ఐదో నెల. అన్నం వండుతూ పాఠం, గిన్నెలు తోముతూ పాఠం, స్పీకర్లు గట్టిగా పెడితే వంటింట్లోకి వినబడేది, కడుపులో ఉన్నదానికీ వినబడేది. అదే ఆమెకు ఇష్టం. తనతోపాటు అదీ తొమ్మిదో తరగతి చదువుతోంది, పుట్టేసరికి పాసైపోతుంది, దాన్ని మాత్రం ఎవరూ మధ్యలో మాన్పించలేరు అనుకునేది.

వారం తిరక్కుండా కింద నర్సు పైకొచ్చింది. జుట్టు విరబోసుకుని, కళ్ళు చింతనిప్పులు చేసుకుని. "అమ్మాయ్, మీ మాస్టారు నా మంచం మీద కూర్చుని పాఠం చెప్తున్నట్టుంది. రాత్రంతా డ్యూటీ చేసొచ్చాను. నాకే పరీక్షలూ లేవమ్మా, నన్ను పాస్ చేసి వదిలెయ్యమను."

సాయంత్రం మొగుడు పడీపడీ నవ్వాడు. మర్నాడు హెడ్‌ఫోన్స్ తెచ్చాడు, చెవుల మీద చిప్పలు బోర్లించినట్టుండే పెద్దవి. "అపార్టుమెంట్లో గోడలు పేరుకే గోడలే. స్పీకర్లు మనకి పడవు. ఇవి పెట్టుకో, నీ చదువు నీ చెవుల్లోనే ఉంటుంది."

నిజమే, తన చెవుల్లోనే ఉంది. అదే బాధ. పెట్టుకోగానే ఇల్లంతా ఎంత దూరమైపోయిందో, కుళాయి నీళ్ళు చప్పుడు లేకుండా పడుతున్నాయి, తను ఒక్కతే బళ్ళోకి వెళ్ళి తలుపేసుకున్నట్టు, పిల్లని బయట ఎండలో నిలబెట్టినట్టు. చిన్నప్పుడు బడి కిటికీ దగ్గర అలాగే నిలబడేది తను, చంకలో తమ్ముణ్ణి ఎత్తుకుని, లోపల తన బెంచీలో ఇంకెవరో. అందుకని చేసింది. ఎవరికీ చెప్పలేదు, మొగుడికి కూడా. అతను పనికి వెళ్ళాక మంచం మీద వెల్లకిలా పడుకుని, ఆ హెడ్‌ఫోన్స్ సాగదీసి పొట్టకి అటొక చిప్ప ఇటొక చిప్ప బోర్లించి, జారకుండా తువ్వాలుతో కట్టుకునేది. తనకు వినబడేది కాదు, సన్నగా గొణుగుడు తప్ప. చర్మం దాటాలి, నీళ్ళు దాటాలి, అంత లోపలికి వెళ్ళాలి కదా అని సౌండు చివరికంటా తిప్పేది. పిల్ల తన్నేది. అబ్బో, ఎంత శ్రద్ధగా వింటోందో, మాస్టారు ప్రశ్న అడిగితే జవాబు చెప్తోంది అని పొట్ట నిమురుకుని నవ్వుకునేది. రోజుకో గంట. ఒక రోజు అలాగే నిద్రపట్టేసింది, లేచేసరికి నాలుగు గంటలు గడిచిపోయాయి, పాఠాలు ఒకదాని తర్వాత ఒకటి మోగుతూనే ఉన్నాయి, పొట్టమీద చర్మం వేడిగా ఉంది, లోపల కదలిక లేదు. చల్లని నీళ్ళు తాగి పక్కకు తిరిగి పడుకుంటే చాలాసేపటికి ఒకసారి, మెల్లగా, కదిలింది. హమ్మయ్య అనుకుంది. ఇంకేం కాలేదు అనుకుంది.

తన్నింది జవాబు చెప్పడానికి కాదేమో. ఆపమనేమో. చేతులు లేని చోట, నోరు తెరవలేని చోట, కాళ్ళతో, అమ్మా చాలు, అమ్మా చాలు అని, నాలుగు గంటలు, అమ్మ నిద్రపోతోంది. అమ్మకు వినబడలేదు. మొదట చెవుడు వచ్చింది అమ్మకే.

ఆ మాట. ఆ మాట ఎన్నిసార్లు అనలేదు ఈ ఇంట్లో. ఎన్నిసార్లు పిలవాలి, చెవుడా? అని మొగుణ్ణి, స్నానాల గదిలోంచి తువ్వాలు అందించమని అడిగినప్పుడల్లా. చెవిటి మాలోకం అని అతను తనని, హెడ్‌ఫోన్స్‌లో ఉండి పలకనప్పుడు. పులుసులో ఉప్పు ఎక్కువైందన్నంత తేలిగ్గా. ఫోను చేసి ఇప్పుడు అతనితో ఏమంటుంది? అతను ఏ లిఫ్టు గోతిలోనో ఉంటాడు, చేతులకు నల్లటి జిడ్డు, ఫోను చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుని చెప్పవే అంటాడు. ఏమండీ, పాపకీ. పాపకేమైంది? ఏమీ లేదు, పాలు తాగింది, పడుకుంది. అంతే అనగలదు. రెండో వాక్యం చెప్తే అతను ఆ గోతిలోంచి పైకెక్కలేడేమో. ఎందుకొచ్చిందే అంటాడు, ఎవరైనా అడిగే మొదటి మాట అదే, ఎందుకు, ఎలా, మీ వాళ్ళలో ఉందా మా వాళ్ళలో ఉందా, అందరూ వంశాలు తవ్వుతారు, తను మాత్రం తువ్వాలు ముడి గుర్తుచేసుకుంటూ మధ్యలో కూర్చోవాలి.

ఒకప్పుడు ఊ, ఆ, బాబాబా అని ఎంత గోల చేసేది. ఈమధ్య తగ్గింది. పెద్దదవుతోంది, బుద్ధి వస్తోంది అనుకుంది. తొమ్మిది నెలల పిల్లకి ఏం బుద్ధి.

కాలింగ్ బెల్లు మోగింది. ఆమె పాపవైపే చూసింది. మళ్ళీ మోగింది, ఈసారి వేలు తీయకుండా. పాప పెదాలు నిద్రలోనే పాలు తాగుతున్నట్టు ఆడాయి, అంతే.

తలుపు తీస్తే నర్సు. అదే విరబోసుకున్న జుట్టు.

"ఏంటమ్మా, ఇన్నాళ్ళూ బాగానే ఉన్నావు కదా, మళ్ళీ మొదలెట్టావా? ఇప్పుడే కళ్ళు మూతపడ్డాయి, గుండెకి నాలుగు గదులు అంటూ..." అని, ఆమె చేతిలో పళ్ళెమూ చెంచా చూసి, ముఖం చూసి ఆగిపోయింది. "ఏమైంది?"

"పాప లేవలేదక్కా."

"లేవకపోవడమేంటి?" నర్సు ఆమెను పక్కకి తోసుకుని లోపలికి పరిగెత్తింది. మంచం మీద వంగి పాప ఛాతీ మీద అరచెయ్యి పెట్టి చూసి, గట్టిగా ఊపిరి వదిలింది. "చంపేశావు కదే నన్ను! హాయిగా నిద్రపోతుంటే."

"అదే అక్కా. అంత చప్పుడుకి కూడా."

నర్సు ముఖంలోంచి నిద్ర ఎగిరిపోయింది. స్పీకర్లవైపు చూసింది, మంచంవైపు చూసింది, కళ్ళతోనే ఆ మూర దూరం కొలిచింది. ఆమెకు మాటలు ఎక్కడినుంచి ఊడిపడ్డాయో, చీటీ, జలుబు, వాన, తువ్వాలు, నాలుగు గంటలు, అన్నీ కలగలిపి, ఏది ముందో ఏది వెనకో లేకుండా చెప్పేసింది. నర్సు అంతా విని మంచం అంచున కూలబడింది.

"స్పీకర్లు వద్దన్నది నేనే కదా" అంది.

"మీరేం చేస్తారక్కా."

"ఆ హెడ్‌ఫోన్స్‌ వల్లేనా కాదా, నాకు తెలీదు, తెలీనిది చెప్పను. డాక్టరుని అడుగుదాం. ముందు పిల్ల సంగతి చూద్దాం. లేచాక నేను వెనక నించుని కొడతా, నీవల్ల కాదు గానీ పళ్ళెం ఇటివ్వు. నువ్వు ఎదురుగా కూర్చో. కానీ ఒకటి చెప్తున్నా విను. నీ మొహం కదలకూడదు. చంటిపిల్లలు అమ్మ మొహంలోనే అన్నీ చూసుకుంటారు. నువ్వు అదిరిపడ్డావంటే నిన్ను చూసి అదీ అదిరిపడుద్ది, మనం వినబడిందనుకుంటాం. అర్థమైందా?"

అర్థమైంది. ఇద్దరూ పక్కపక్కన కూర్చున్నారు. నర్సు ఒకసారి లేచి వంటింట్లోకి వెళ్ళి నీళ్ళు తెచ్చి ఆమె చేతికిచ్చింది, ఆమె తాగకుండా పట్టుకుంది. పాప నిద్రలో నవ్వింది. ఏం కల వస్తుంది దానికి, కలలో మాటలుంటాయా, అమ్మ కనిపిస్తే అమ్మ నోరు ఊరికే ఆడుతూ ఉంటుందా. కిటికీ బయట ఎవరో కారు హారను కొట్టారు, మెట్ల మీద ఎవరో దగ్గారు, పై ఇంట్లో కుర్చీ జరిపారు, ఇన్ని చప్పుళ్ళున్నాయా ఈ ఇంట్లో, హెడ్‌ఫోన్స్ పెట్టుకుని ఇన్నిటిని తను వద్దనుకుందా, వద్దంటే మానేసి కావాలంటే తెచ్చుకునే వస్తువనుకుంది చప్పుణ్ణి.

పాప కాళ్ళు విదిల్చింది. బోర్లా తిరిగి, తలెత్తి, చేతుల మీద లేచింది. ఆమె ఎత్తుకుని నేలమీద చాపలో కూర్చోబెట్టి, ఎదురుగా కూర్చుంది. పాప ఆమె పెదాలవైపే చూస్తోంది. ఎప్పుడూ అంతే, కళ్ళలోకి కాదు, పెదాలవైపే, ముద్దు కోసమనుకుంటూ వచ్చింది ఇన్నాళ్ళూ. నర్సు చప్పుడు లేకుండా పాప వెనక్కి జరిగి, నీడ పడకుండా పక్కకి ఒంగి, పళ్ళెం ఎత్తింది. ఆమెకు పాప భుజం మీదుగా చెంచా కనబడుతోంది. చూడకూడదు. పాపనే చూడాలి. మొహం రాయి. మొహం రాయి.

ఠంగున మోగింది.

పాప రెండు చేతులూ ఎగిరాయి, కళ్ళు పెద్దవయ్యాయి, కింది పెదవి ఏడవడానికి వంకర తిరిగింది.

"అదిగో! చూశావా, చూశావా! ఎలా ఉలిక్కిపడిందో!" అంది నర్సు. "పిచ్చి మొహమా, ఊరికే హడలగొట్టావు కదే! వింటోంది నీ కూతురు! గాఢనిద్ర, అంతే. ఇంక నన్ను పడుకోనిస్తావా?" అని పళ్ళెం చాప మీద పెట్టి మోకాళ్ళు పట్టుకుని లేవబోయింది.

ఆమె భుజాలు ఇంకా చెవుల దగ్గరే ఉన్నాయి. అవి ఎప్పుడు లేచాయో, చెంచా తగలకముందే లేచాయా, తగిలాక లేచాయా. పాపకన్నా ముందు లేచాయి. అది నర్సు చూడలేదు, వెనక ఉంది. చూసింది పాప ఒక్కతే. ఊరుకుంటే చాలు. నర్సు కిందికి వెళ్ళి పడుకుంటుంది. సాయంత్రం అతను తలుపు తీసి ఏయ్ దొంగా అంటాడు, అది తిరుగుతుంది. వాకిలి వెలుతురు రోజూ ఉంటుంది, లిఫ్టు రోజూ అదురుతుంది, అమ్మ మొహం రోజూ ఉంటుంది, ఎన్నాళ్ళు గడవదు, ఒక ఏడాది గడుస్తుంది, ఒక్క ఏడాదే. ఎంత తీపిగా ఉంది ఆ మాట. నర్సు అప్పుడే గుమ్మం దాకా వెళ్ళింది, చెప్పులు వేసుకుంటోంది.

"అక్కా."

"ఏంటి?"

"అది నన్ను చూసి ఉలిక్కిపడింది. నేను కదిలాను."

నర్సు చెప్పు విప్పింది. వచ్చి పాప వెనక మోకాళ్ళ మీద కూర్చుంది. పళ్ళెం తీసుకుంది.

ఈసారి రాయిలా ఉండటం కుదరదని ఆమెకు తెలుసు, రాయిలా ఉంటే పాప భయపడుతుంది. అందుకని నవ్వింది. లోపల ఎక్కడెక్కడో వెతికి, పళ్ళు కనబడేలా, బుగ్గలు నొప్పి పుట్టేలా నవ్వింది. వంకర తిరిగిన పాప పెదవి సర్దుకుంది. ఠంగుమంది. ఆమె నవ్వుతూనే ఉంది. ఠంగుమంది, ఇంకా గట్టిగా, చెవి పక్కనే, పై ఇంట్లో కుర్చీల చప్పుడు ఆగిపోయింది, ఎదురు ఫ్లాటు తలుపు తెరుచుకుంది, ఏమిటా గోల అని ఎవరో అడిగారు, నర్సు కళ్ళ వెంట నీళ్ళు కారుతూ కొడుతూనే ఉంది, ఆమె అదరలేదు, బెదరలేదు, ఒక్క రెప్ప వేయలేదు. పాప ఆమె పెదాలనే చూస్తూ, రెండు కింది పళ్ళూ బయటపెట్టి, అమ్మ ఎంత నవ్వితే అంతా నవ్వుతోంది.